600 వోల్ట్ల పింగ్ తర్వాత రిసీవర్‌కి ఏమీ కనబడట్లేదు: 200 కిలోహెర్ట్జ్ సౌండర్ ఇన్‌పుట్ రక్షణ

చెరువుగట్టు
అందరికీ నమస్కారం. మా ఊరి చెరువులో పూడిక ఎంత పేరుకుందో చూడటానికి సొంతంగా సౌండర్ (నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ఎకోతో లోతు కొలిచే పరికరం) కట్టుకుంటున్నాను. పూడిక పైభాగం దీంతో, అడుగున గట్టి నేల గడకర్రతో కొలవాలని ప్లాన్. బజార్లో దొరికేవి లోతును ఒక అంకెగా చూపించి ఊరుకుంటున్నాయి. నాకు మొత్తం ఎకో కావాలి, అందుకే ఈ తిప్పలు.

సర్క్యూట్ ఇదీ. ట్రాన్స్‌డ్యూసర్ (కరెంటుని శబ్దంగా, శబ్దాన్ని కరెంటుగా మార్చే క్రిస్టల్) ఒక్కటే, పంపేదీ వినేదీ అదే. రెండు మాస్‌ఫెట్లు, సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పుష్-పుల్ ట్రాన్స్‌మిటర్. ట్రాన్స్‌డ్యూసర్ మీద 600 వోల్ట్లు పీక్-టు-పీక్, 8 సైకిళ్లు, సెకనుకు 10 పింగులు (చిన్న శబ్దపు తునకలు).

రిసీవర్ వైపు: 10 నానోఫారడ్ 1 కేవీ కెపాసిటర్, 1 కే పావు వాట్ రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు, తర్వాత 100 నానోఫారడ్, ఆపైన ఎన్ఈ5534 ఆప్-ఆంప్, నాన్-ఇన్వర్టింగ్, గెయిన్ 100. ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 100 కే. సప్లై ప్లస్ 9, మైనస్ 9.

మూడు మీటర్ల లోతు దగ్గర ఎకో బ్రహ్మాండంగా వస్తోంది. రెండు మీటర్ల లోపు మాత్రం ఏమీ లేదు, ఔట్‌పుట్ ఒక పక్కకి అతుక్కుపోయి ఉంటోంది. ఎండాకాలం మా చెరువులో గట్టు పక్కన మీటరు నీళ్లు కూడా ఉండవు. వోల్టేజ్ తగ్గిస్తే దగ్గరిది కొంచెం బాగుపడుతోంది కానీ మధ్యలో లోతు పోతోంది. డయోడ్లు మార్చాలా? మార్చాలంటే ఏవి?

సిగ్నల్‌పిచ్చి
బ్రో, 600 వోల్ట్లకి 1ఎన్4148 ఎక్కడ ఆగుతుంది? మంచి టీవీఎస్ డయోడ్ (సర్జ్‌ని మింగేది) ఒకటి పడేయ్, పని అయిపోతుంది. 5 వోల్ట్లది ఎస్ఎంబీజే అయితే ఎక్కడైనా దొరుకుతుంది.

టంకం_మాస్టారు
టీవీఎస్ వద్దు నాయనా. ముందు లెక్క చూద్దాం. 600 పీక్-టు-పీక్ అంటే ఒక వైపుకి 300. దాన్ని 1 కేతో భాగిస్తే 0.3 ఆంపియర్. 1ఎన్4148కి పదే పదే వచ్చే పీక్ కరెంటు 450 మిల్లీఆంప్స్ దాకా పర్వాలేదు. పైగా 8 సైకిళ్లంటే 40 మైక్రోసెకన్లే. డయోడ్ హాయిగా బతుకుతుంది. 600 వోల్ట్లు పడేది డయోడ్ మీద కాదు, దాని ముందున్న రెసిస్టర్ మీద.

5 వోల్ట్ల టీవీఎస్ 5 దగ్గర ఆగదు. పూర్తి కరెంటు దగ్గర దాని క్లాంప్ వోల్టేజ్ 9.2. పిడుగు సర్జ్‌కి అది గొప్పే, మైక్రోవోల్ట్లు చూసే ఆప్-ఆంప్‌కి కాదు. ఇంకోటి, దాని కెపాసిటెన్స్ వందల నుంచి వేల పికోఫారడ్లు. 1000 పికోఫారడ్ అనుకున్నా 200 కిలోహెర్ట్జ్ దగ్గర 800 ఓమ్‌లు. నీ 1 కేతో కలిసి అసలు ఎకోలో మూడో వంతుకు పైగా మింగేస్తుంది.

చెరువుగట్టూ, నీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఆంప్లిఫయర్ చావకుండా ఉండటం ఒకటి, దెబ్బ తిన్నాక ఎంత తొందరగా తేరుకుని వింటుంది అన్నది ఇంకొకటి. మొదటిది నీకు ఇప్పటికే కుదిరింది. రాత్రి ఎదురు లారీ హైబీమ్ కళ్లలో పడ్డాక కన్ను పోదు, కానీ కాసేపు రోడ్డు కనబడదు. నీ రిసీవర్‌ది ఆ బాధ. డయోడ్లు మార్చినంత మాత్రాన అది పోదు.

ఒక పని చెయ్. ట్రాన్స్‌మిటర్ ఆపేసి, ఎన్ఈ5534 పిన్ 6 (ఔట్‌పుట్) మీద డీసీ ఎంతుందో మల్టీమీటర్‌తో చూసి చెప్పు.

ప్రోబ్_లక్ష్మి
నేను వెల్డ్ టెస్టింగ్‌లో పని చేస్తాను, మాకు ఇది రోజూ ఉండే గొడవే. డెడ్ జోన్ అంటాం. మా ఫ్లా డిటెక్టర్లలో (లోహం లోపలి లోపాలు వెతికేవి) పల్స్ 400 వోల్ట్ల దాకా పోతుంది, దాని వెనకే కొద్ది మైక్రోసెకన్లలో ఎకో చూడాలి.

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఈ గుడ్డికాలంలో ఆంప్లిఫయర్ వాటా ఎంత, ట్రాన్స్‌డ్యూసర్ వాటా ఎంత అన్నది ముందు విడదీయండి. పింగ్ ఆగాక కూడా క్రిస్టల్ మోగుతూనే ఉంటుంది. అది తగ్గే వేగం క్యూ (క్రిస్టల్ ఎంతసేపు మోగుతుందో చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది. క్యూ 20 అనుకుంటే 200 కిలోహెర్ట్జ్ దగ్గర టైమ్ కాన్‌స్టాంట్ (మోత దాదాపు మూడో వంతుకి పడే సమయం) దాదాపు 32 మైక్రోసెకన్లు. 300 వోల్ట్ల నుంచి 10 మైక్రోవోల్ట్ల దాకా దిగాలంటే మూడు కోట్ల రెట్లు తగ్గాలి, అంటే 17 టైమ్ కాన్‌స్టాంట్లు. మొత్తం 550 మైక్రోసెకన్లు. నీళ్లలో శబ్దం సెకనుకు 1500 మీటర్లు, రానూపోనూ కాబట్టి సగం చేస్తే 41 సెంటీమీటర్లు. ఎంత గొప్ప ఆంప్లిఫయర్ పెట్టినా ఈ 41 సెంటీమీటర్లు మీ ట్రాన్స్‌డ్యూసర్ సొంత ఖాతా. మిగతా మీటరున్నర ఎక్కడిదో వెతకాలి.

పరీక్ష సులువే. ట్రాన్స్‌డ్యూసర్ తీసేసి దాదాపు అంతే కెపాసిటెన్స్ ఉన్న 1 కేవీ కెపాసిటర్, దానికి పారలల్‌గా ఒక రెసిస్టర్ పెట్టండి. అది మోగదు. అప్పుడూ ఔట్‌పుట్ అలాగే అతుక్కుంటే తప్పు ఆంప్లిఫయర్‌ది. ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్‌తో కెపాసిటర్ కలిసి కొంచెం రింగ్ అవ్వచ్చు, రెసిస్టర్ అందుకే. ట్రాన్స్‌మిటర్ కెపాసిటర్ బ్యాంక్ డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టండి. 300 వోల్ట్ల 10 మైక్రోఫారడ్‌లో దాదాపు అర జౌల్ ఉంటుంది, వేలికి బాగానే గుర్తుంటుంది.

చెరువుగట్టు
మాస్టారూ, పిన్ 6 మీద మైనస్ 4.6 వోల్ట్లు ఉంది! సిగ్నల్ ఏమీ లేకుండానే. సున్నా ఉండాలి కదా?

లక్ష్మి గారూ, మీరు చెప్పినట్టు డమ్మీ పెట్టి చూశాను. గుడ్డికాలం పెద్దగా తగ్గలేదు, ఇంకా 2 మిల్లీసెకన్ల పైనే. అంటే ఆంప్లిఫయరే అన్నమాట.

టంకం_మాస్టారు
దొరికింది. ఎన్ఈ5534 ఇన్‌పుట్‌లో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు, బయస్ కరెంటు (ఇన్‌పుట్ తన కోసం లాగేది) మామూలుగా అర మైక్రోఆంప్. అది నీ 100 కే గుండా రావాలి, అంటే ఇన్‌పుట్ దగ్గర మైనస్ 50 మిల్లీవోల్ట్లు. దాన్ని గెయిన్ 100తో గుణిస్తే మైనస్ 5. నీ మీటర్ చెప్పింది 4.6, లెక్క కుదిరింది. మైనస్ 9 సప్లైలో ఔట్‌పుట్ మైనస్ 8 దాటి పోలేదు. కాబట్టి ఆ వైపు నీకు మిగిలింది మూడు వోల్ట్ల చిల్లర. ఇన్‌పుట్‌లో ఇంకో 35 మిల్లీవోల్ట్లు అటు జరిగితే చాలు, ఔట్‌పుట్ గోడకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు ఆ 35 మిల్లీవోల్ట్లు ఎక్కడి నుంచి వస్తాయో చూడు. డయోడ్లు కోసిన తర్వాత కూడా మిగిలేది 0.7 అనుకోకు. 0.3 ఆంపియర్ పారుతున్నప్పుడు 1ఎన్4148 మీద వోల్ట్ పైనే ఉంటుంది. ఎన్ఈ5534 లోపల రెండు ఇన్‌పుట్ల మధ్య రక్షణ డయోడ్లు ఉన్నాయి, అవి అప్పుడు కండక్ట్ అవుతాయి. ఆ కరెంటంతా నీ 100 నానోఫారడ్ గుండానే పోవాలి. ప్లస్ సగంలో పోయేదీ మైనస్ సగంలో పోయేదీ అచ్చంగా సమానం కావు, ఎందుకంటే ఔట్‌పుట్ ముందే ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆ తేడా పింగ్ పింగ్‌కీ 100 నానోఫారడ్ మీద మిగిలిపోతుంది. అది ఖాళీ అవ్వడానికి ఉన్న దారి 100 కే. గుణించు, 10 మిల్లీసెకన్లు. నీళ్లలో 10 మిల్లీసెకన్లంటే ఏడున్నర మీటర్ల లోతు!

200 కిలోహెర్ట్జ్ వినడానికి 100 నానోఫారడ్ ఎందుకు, నువ్వు పాటలు వినట్లేదు కదా. 1 నానోఫారడ్ పెట్టు, 100 కే బదులు 10 కే పెట్టు. టైమ్ కాన్‌స్టాంట్ 10 మైక్రోసెకన్లకి దిగుతుంది, వెయ్యి రెట్లు తేడా. కింద కోత 16 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, నీ సిగ్నల్‌కి ఏమీ కాదు.

గెయిన్ సంగతి. ఎన్ఈ5534 గెయిన్-బ్యాండ్‌విడ్త్ (గెయిన్‌నీ ఫ్రీక్వెన్సీనీ గుణిస్తే వచ్చేది) 10 మెగాహెర్ట్జ్. 200 కిలోహెర్ట్జ్ దగ్గర నీకు 100 ఎలా వస్తుంది? మహా అయితే 50. అంటే డీసీకి పూర్తి 100, నీకు కావలసిన సిగ్నల్‌కి సగం. తిరగబడింది వ్యవహారం. మొదటి స్టేజ్ గెయిన్ 10 చెయ్, తర్వాత బ్యాండ్‌పాస్ (200 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే వదిలే ఫిల్టర్), ఆ తర్వాత మిగతా గెయిన్. మొదటి స్టేజ్ ఎంత తక్కువ సాచురేట్ అయితే అంత తొందరగా తేరుకుంటుంది.

ఎకో_మురళి
మాస్టారి డయాగ్నసిస్‌కి దండం. నేను మెడికల్ అల్ట్రాసౌండ్ బోర్డుల మీద పని చేస్తాను, కాబట్టి డయోడ్ కన్నా ముందున్న సిరీస్ ఎలిమెంట్ గురించి రెండు ముక్కలు.

1 కే రెసిస్టర్ కరెంటుని ఆపుతుంది, నిజమే. కానీ అది వినేటప్పుడు కూడా అక్కడే ఉంటుంది, దాని థర్మల్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 4 నానోవోల్ట్లు. ఎన్ఈ5534 సొంత నాయిస్ కూడా దాదాపు అంతే. 20 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో ఆ రెసిస్టర్ ఒక్కటే 0.57 మైక్రోవోల్ట్లు ఇస్తుంది. మొత్తం దారిలో రక్షణ కోసం కట్టే పన్ను ఇది.

తగ్గించే ఒక ఉపాయం, రెసిస్టెన్స్ బదులు రియాక్టెన్స్ వాడటం. మీ 10 నానోఫారడ్ 200 కిలోహెర్ట్జ్ దగ్గర 80 ఓమ్‌లే. దాన్నే 1 నానోఫారడ్ చేస్తే 800 ఓమ్‌లు, కరెంటుని అదే ఆపుతుంది, కెపాసిటర్‌కి థర్మల్ నాయిస్ ఉండదు. అప్పుడు రెసిస్టర్‌ని 100 ఓమ్‌లకి దించవచ్చు. కాకపోతే ఈ ఉపాయం సైన్ బర్స్ట్‌కే. లక్ష్మి గారి పల్సర్లలాగా కొద్ది నానోసెకన్లలో లేచే అంచు వస్తే కెపాసిటర్ దానికి తలుపు తీసేసినట్టే. అక్కడ రెసిస్టర్ తప్పదు.

రెసిస్టర్ ఉంచేట్టయితే వోల్టేజ్ రేటింగ్ చూసుకోండి, అందరూ వాట్లే చూస్తారు. బర్స్ట్ జరుగుతున్నంతసేపు దాంట్లో 45 వాట్లు ఖర్చవుతాయి, కానీ సగటు 18 మిల్లీవాట్లే, వేడి సమస్య లేదు. పావు వాట్ కార్బన్ ఫిల్మ్‌కి మామూలుగా 250 వోల్ట్లే. ఎస్ఎండీ అయితే 0603కి 75, 1206కి 200. పగలదు, మెల్లగా విలువ జరుగుతూ పోతుంది, అది కనిపెట్టడం ఇంకా కష్టం. 470 ఓమ్‌లవి రెండు సిరీస్‌లో పెట్టండి.

మా బోర్డుల్లో అయితే ఈ పనికి ఎండీ0100 లాంటి రెండు కాళ్ల స్విచ్ ఉంటుంది. మామూలుగా 15 ఓమ్‌ల రెసిస్టర్‌లా ఉంటుంది, దాని మీద 2 వోల్ట్లు దాటగానే దాదాపు 20 నానోసెకన్లలో తనే తెరుచుకుంటుంది. కంట్రోల్ సిగ్నల్ అక్కర్లేదు. కానీ అది తట్టుకునేది 100 వోల్ట్లు, మీకు 300, కాబట్టి దాని జోలికి పోకండి.

మీ వోల్టేజ్‌కి అదే ఐడియాని చేత్తో కట్టుకోవచ్చు. డీఎన్2540 అని 400 వోల్ట్ల డిప్లీషన్ మాస్‌ఫెట్ (గేట్‌కి వోల్టేజ్ ఇవ్వకపోయినా ఆన్‌లో ఉండేది) ఉంది, ఆన్‌లో 25 ఓమ్‌లు మించదు. రెండు తీసుకుని సోర్సుల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్, ఒక్కోదాని గేట్ రెండోదాని సోర్స్‌కి. వినేటప్పుడు మొత్తం 150 ఓమ్‌లు, అంటే నాయిస్ 1.6 నానోవోల్ట్లు. పింగ్ వచ్చినప్పుడు కరెంటు 15 నుంచి 35 మిల్లీఆంప్స్ మధ్య ఎక్కడో ఆగిపోతుంది, మాస్‌ఫెట్‌ని బట్టి. 1ఎన్4148 ఇక నిద్రపోవచ్చు. 300కి 400 అంటే మార్జిన్ తక్కువే, ట్రాన్స్‌ఫార్మర్ ఓవర్‌షూట్ స్కోప్‌లో చూశాకే పెట్టండి.

పాత_హామ్
ఇంత చర్చలో ఎవరూ ట్రాన్స్‌మిటర్ సంగతి మాట్లాడలేదు. వినేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, మాస్‌ఫెట్ల కెపాసిటెన్స్ అంతా ట్రాన్స్‌డ్యూసర్‌కి అడ్డంగా వేలాడుతూనే ఉంటుంది, సప్లై నాయిస్ కూడా అటు నుంచే దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కీ ట్రాన్స్‌డ్యూసర్‌కీ మధ్య సిరీస్‌లో ఒక జత డయోడ్లు, ఒకదానికొకటి పారలల్‌గా ఎదురు దిశల్లో పెట్టండి, ఫాస్ట్ రికవరీవి. 300 వోల్ట్లు వాటిని లెక్క చెయ్యదు. మైక్రోవోల్ట్ల ఎకో వాటిని ఆన్ చెయ్యలేదు కాబట్టి ట్రాన్స్‌మిటర్ తెగిపోయినట్టే. షంట్ డయోడ్లు (గ్రౌండ్‌కి ఉన్నవి) రిసీవర్‌ని కాపాడతాయి, సిరీస్ డయోడ్లు ఎకోని కాపాడతాయి.

మా హామ్ సెట్లలో రిలే వాడతాం, మీకు కుదరదు. రీడ్ రిలేకి కూడా అర మిల్లీసెకను పడుతుంది, ఈలోగా మరీ దగ్గరి ఎకో వచ్చి వెళ్లిపోతుంది.

ఒకే యాంటెన్నాతో అరిచి వినడంలో పెద్దన్న మన దగ్గరే ఉన్నాడు, తిరుపతి పక్కన గాదంకి ఎంఎస్‌టీ రాడార్ (పై వాతావరణాన్ని చూసేది). 53 మెగాహెర్ట్జ్, 1024 యాగీ యాంటెన్నాలు. మొదట కట్టినప్పుడు పీక్ పవర్ 2.5 మెగావాట్లు. అంత పవర్ పంపిన యాంటెన్నాలతోనే పైన గాలిలో చిన్న చిన్న కదలికల నుంచి వచ్చే ప్రతిధ్వని పట్టాలి. అక్కడ ట్రాన్స్‌మిట్-రిసీవ్ స్విచ్ ఎంత కీలకమో ఊహించుకోండి. మీది దానికి చిన్న తమ్ముడు.

సిగ్నల్‌పిచ్చి
సరే, టీవీఎస్ మాట వెనక్కి తీసుకుంటున్నా 😀 ఇంకో ఐడియా. నా బోర్డులో మొత్తం 3.3 వోల్ట్ల సింగిల్ సప్లై. గ్రౌండ్‌కి కాకుండా బ్యాట్54ఎస్ (ఒకే ఒంట్లో రెండు షాట్కీ డయోడ్లు) పెట్టి ఒక డయోడ్ 3.3కి, ఇంకోటి గ్రౌండ్‌కి క్లాంప్ చేస్తే? షాట్కీ కాబట్టి ఇంకా తక్కువ దగ్గరే కోస్తుంది, అన్ని మైక్రోకంట్రోలర్ బోర్డుల్లో ఇలాగే చూశాను.

ఎకో_మురళి
ఆ డయోడ్ గుండా పోయిన కరెంటు ఎక్కడికి పోతుంది తమ్ముడూ? 3.3 రైలు (సప్లై లైన్) లోపలికి. నీ రెగ్యులేటర్ కరెంటు ఇవ్వగలదు కానీ వెనక్కి తీసుకోలేదు. చెరువుగట్టు లెక్కలే తీసుకో, 0.3 ఆంపియర్ పీక్, 40 మైక్రోసెకన్లు. ఒక్కో పింగ్‌కి దాదాపు 3.8 మైక్రోకూలుంబులు రైలులోకి తోస్తున్నావు. రైలు మీద 10 మైక్రోఫారడ్ ఉంటే 0.38 వోల్ట్లు లేస్తుంది, 3.3 కాస్తా 3.7 దగ్గరికి. ఏడీసీ రిఫరెన్స్ కూడా అదే రైలు అయితే ప్రతి పింగ్ తర్వాత స్కేల్ మారిపోతుంది, ఎకో సైజు లెక్కలన్నీ తప్పు. స్లీప్‌లో ఉండి ఏమీ తాగని బోర్డు అయితే రైలు ఇంకా ఎక్కుతూ పోయి పక్క చిప్‌ని తీసుకుపోతుంది.

స్టాటిక్‌కి ఆ పద్ధతి పర్వాలేదు, అక్కడ చార్జ్ చాలా తక్కువ. ప్రతి పింగ్‌కీ వచ్చే దెబ్బకి గ్రౌండ్ క్లాంపే నయం. రైలుకే కట్టాలంటే రైలు మీద ఒక జీనర్ పెట్టి ఆ కరెంటుకి దారి చూపించు. బ్యాట్54కి పదే పదే వచ్చే పీక్ 300 మిల్లీఆంప్సే, సరిగ్గా అంచు మీద ఉంటావు.

బోరుసర్వే_అనంత
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మాది బోరు పాయింట్లకి రెసిస్టివిటీ సర్వే. కరెంటు ఎలక్ట్రోడ్లకి వందల వోల్ట్లు ఇస్తాం, లోపలి రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మిల్లీవోల్ట్లు చదవాలి. తీగలు నేల మీద వందల మీటర్లు పరుచుకుని ఉంటాయి, ఒక్కోసారి హెల్పర్ తప్పు సాకెట్లో పెడితే ఆ వోల్ట్లన్నీ మీటర్ ఇన్‌పుట్‌కే. అందుకని ఇన్‌పుట్‌లో 1 మెగాఓమ్ సిరీస్, 1ఎన్4148 జత పెట్టించాం. అప్పటి నుంచి మూత తీసి ఎండలో పెడితే రీడింగ్ జరిగిపోతోంది, నీడలోకి తెస్తే సర్దుకుంటోంది. వేడి అనుకుని ఫ్యాన్ పెట్టాం, లాభం లేదు.

ప్రోబ్_లక్ష్మి
వేడి కాదండీ, వెలుగు. 1ఎన్4148 గాజు ఒంటిది. లోపలి జంక్షన్ మీద వెలుగు పడితే చిన్న సోలార్ సెల్‌లా కరెంటు పుడుతుంది. మామూలు సర్క్యూట్లో ఎవరికీ పట్టదు, మీ 1 మెగాఓమ్ గుండా 10 నానోఆంప్స్ పారినా 10 మిల్లీవోల్ట్లు. మీరు చదివేదే అంత. ముందు నల్ల టేప్ చుట్టి చూడండి, అరనిమిషంలో తేలిపోతుంది.

శాశ్వతంగా అయితే నల్ల ప్లాస్టిక్ ఒంటి బీఏవీ199 వాడండి. దాని లీకేజ్ మామూలుగా పికోఆంప్స్‌లో ఉంటుంది. అంతకన్నా తక్కువ కావాలంటే 2ఎన్4117ఏ జేఫెట్ తీసుకుని డ్రెయిన్, సోర్స్ కలిపి డయోడ్‌లా వాడతారు. బీఏవీ199 కొంచెం నిదానం, కానీ మీ పని డీసీ కాబట్టి ఇబ్బంది లేదు. చెరువుగట్టు సర్క్యూట్‌కి ఇది తిరగబడుతుంది. ఆయనకి లీకేజ్‌తో పని లేదు, వేగం, తక్కువ కెపాసిటెన్స్ కావాలి, 1ఎన్4148ది 4 పికోఫారడ్లే. ఏ డయోడ్ మంచిది అని అడిగితే సమాధానం లేకపోవడానికి కారణం ఇదే, సోర్స్ ఇంపెడెన్స్ చెప్పకుండా ఆ ప్రశ్న పూర్తి కాదు.

ఉరుములు వినబడితే మాత్రం ఏ డయోడ్‌నీ నమ్మకండి. తీగలు పీకేసి కారెక్కండి.

బోరుసర్వే_అనంత
నల్ల టేప్ చుట్టాం. ఎండలో రాయిలా నిలబడింది. మేడమ్, మీకు అనంతపురంలో ఒక బోరు పాయింట్ ఫ్రీ.

చెరువుగట్టు
అప్‌డేట్. 1 నానోఫారడ్, 10 కే పెట్టాను. మొదటి స్టేజ్ గెయిన్ 10, తర్వాత బ్యాండ్‌పాస్, దాని వెనక ఇంకో స్టేజ్. రెసిస్టర్ 470 రెండు. పిన్ 6 మీద ఇప్పుడు మైనస్ 50 మిల్లీవోల్ట్ల లోపే ఉంది. డమ్మీ పెడితే పింగ్ ఆగిన 60, 70 మైక్రోసెకన్లకే బేస్‌లైన్ చదునుగా వచ్చేస్తోంది.

అసలు ట్రాన్స్‌డ్యూసర్‌తో నీళ్ల తొట్టిలో చూస్తే గుడ్డికాలం దాదాపు 0.6 మిల్లీసెకన్లు, అంటే 45 సెంటీమీటర్లు. లక్ష్మి గారి 41కి భలే దగ్గరగా వచ్చింది. డీఎన్2540లు ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు. ఈ మోగడం కూడా తగ్గించే దారి ఉందా?

ప్రోబ్_లక్ష్మి
ఉంది, మూడు దారులు, మూడింటికీ ఖర్చు ఉంది.

సైకిళ్లు తగ్గించండి. దగ్గరి లోతుకి 8 ఎందుకు, 3 చాలు. పంపే కాలం కూడా 25 మైక్రోసెకన్లు తగ్గుతుంది. లోతు ఎక్కువైతే మళ్లీ 8కి పోయేలా ప్రోగ్రామ్ రాసుకోండి. వోల్టేజ్ పదో వంతు చేస్తే గుడ్డికాలం పదో వంతు అవుతుందని ఆశపడకండి, 2.3 టైమ్ కాన్‌స్టాంట్లే తగ్గుతుంది, అంటే 74 మైక్రోసెకన్లు.

రెండోది, పింగ్ అయిన వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని కాసేపు షార్ట్ చెయ్యడం. మోగే శక్తి అటు కాలిపోతుంది. ఫుల్ బ్రిడ్జ్ అయితే కింది రెండు మాస్‌ఫెట్లు ఆన్ చేస్తే సరి. మీది సెంటర్ ట్యాప్ పుష్-పుల్, దాంట్లో రెండూ కలిపి ఆన్ చేశారో సప్లైనే షార్ట్ అయి మాస్‌ఫెట్లు పోతాయి. దయచేసి ప్రయత్నించకండి.

మూడోది అన్నిటికన్నా పాతది. రెండు క్రిస్టళ్లు, ఒకటి అరవడానికి, ఒకటి వినడానికి. మేం పల్చటి ప్లేట్లకి ఇలాంటి ప్రోబ్‌లే వాడతాం. రిసీవర్‌కి 300 వోల్ట్లు అసలు చేరవు, నీళ్ల గుండా నేరుగా వచ్చే కొద్దిపాటి సిగ్నలే చేరుతుంది. ఖర్చు రెట్టింపు, అంతే. మీ డబ్బు, మీ చెరువు, నేనైతే ఇదే చేస్తాను.

పాత_హామ్
లక్ష్మి గారూ, రెండో దారికీ నా సిరీస్ డయోడ్లకీ పొసగదు కదా? మోత 0.7 వోల్ట్ల కిందికి రాగానే డయోడ్లు ఆగిపోతాయి, ప్రైమరీని ఎంత షార్ట్ చేసినా ట్రాన్స్‌డ్యూసర్‌కి తెలియదు.

ప్రోబ్_లక్ష్మి
నిజమే, అక్కడ ఒకటే ఎంచుకోవాలి. 300 నుంచి 0.7 దాకా డ్యాంపింగ్ పని చేస్తుంది, అది ఆరు టైమ్ కాన్‌స్టాంట్లు. మిగతా పదకొండూ ట్రాన్స్‌డ్యూసర్ తన దారిన తాను మోగాల్సిందే. చెరువుగట్టు గారి సర్క్యూట్‌కి నా ఓటు సిరీస్ డయోడ్లకే. దూరపు ఎకో బాగుంటుంది, పుష్-పుల్‌ని కదిలించే పని లేదు.

చెరువుగట్టు
సరే, సిరీస్ డయోడ్లు పెడతాను. చివరిగా ఒకటి. క్లాంప్ దగ్గర స్కోప్ పెడితే ప్రతి పింగ్ మొదట్లో సన్నటి సూది లాంటి స్పైక్ కనిపిస్తోంది, మూడు వోల్ట్ల పైనే. డయోడ్లు ఒకటిన్నర దగ్గర కోయాలి కదా? డయోడ్లు పోయాయా?

టంకం_మాస్టారు
డయోడ్లు బాగానే ఉన్నాయి. వాటి గ్రౌండ్ కాలు ఎంత పొడుగుంది, ఎక్కడ కలిసింది అన్నది చూడు. సైన్ కదా మెల్లగా లేస్తుంది అనుకోకు, మాస్‌ఫెట్ స్విచ్ అయ్యే క్షణంలో అంచు నిట్టనిలువుగా ఉంటుంది. సెంటీమీటరు తీగకి దాదాపు 10 నానోహెన్రీలు. దాని గుండా 0.3 ఆంపియర్ 10 నానోసెకన్లలో మారితే 0.3 వోల్ట్లు. నీ బ్రెడ్‌బోర్డ్ తీగలు ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటే రెండు వోల్ట్ల పైనే అక్కడే వచ్చేశాయి. స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ తీగ కూడా అంతే పొడుగు, ముందు దాన్ని పీకేసి చిన్న స్ప్రింగ్‌తో చూడు. సగం స్పైక్ అక్కడే మాయమవ్వచ్చు.

తర్వాత డయోడ్ల గ్రౌండ్‌ని ఆప్-ఆంప్ గ్రౌండ్ మీదుగా తిప్పకు. ఆ 0.3 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ నుంచి వచ్చింది, తిరిగి అక్కడికే పోవాలి. డయోడ్ల కాళ్లు కురచగా కోసి నేరుగా ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ షీల్డ్ దగ్గర టంకం పెట్టు, ఆప్-ఆంప్ గ్రౌండ్ అక్కడి నుంచి వేరే తీగతో తీసుకో. బ్రెడ్‌బోర్డ్ మీద ఇది కుదరదు, ఒక రాగి బోర్డు ముక్క తీసుకుని దాని మీదే కట్టు. 1 నానోఫారడ్ కొనేటప్పుడు సీ0జీ రకం సిరామిక్ అడుగు, షాపువాడు ఎక్స్7ఆర్ ఇస్తే వద్దను. దాని కెపాసిటెన్స్ వోల్టేజ్‌తో మారుతుంది. పైగా ఎక్స్7ఆర్ కూడా పీజో గుణం ఉన్న సరుకే, దెబ్బ తగిలితే అదీ కాస్త మోగుతుంది.